చలువకు విరుగుడు

మా ముందుగదిలో పరిచిన ఏలూరు తివాచీ మీద రెండు మచ్చలున్నాయి. ఒకటి నడిమధ్యన, అరచేతికంటే కాస్త పెద్దది. చుట్టూ దానిమ్మ గింజల ఎరుపు, అక్కడ మాత్రం పాత ఇటుక రంగు, దాని నడుమ గోధుమపిండి రంగు. రెండోది ఒక మూలన, అంచు దగ్గర, రూపాయి బిళ్లంత. రెండూ ఒకే రోజున, ఒకే బకెట్టులోంచి పడ్డవి. ముందు మొదటిదాని కథ చెబుతాను. రెండోది నేను చాలా ఏళ్లకు గాని చూడలేదు.

1978 వానాకాలం. నాకు పద్నాలుగేళ్లు. మా అక్కకి పెళ్లిచూపులు. ఆ ముందు వారమంతా వాన కురిసి పెరటి బావిలోకి మురుగు నీళ్లు చేరాయి. అమ్మ బ్లీచింగ్ పౌడరు తెప్పించి ప్లాస్టిక్ బకెట్టులో ముద్దగా కలిపి, నీళ్లు పోసి, సున్నం అడుక్కి దిగేదాకా కదపకుండా ఉంచింది. పైన తేరుకున్న నీటిని ఇంకో బకెట్టులోకి వంచి వసారాలో పెట్టింది. దాన్ని తాడుకట్టి బావిలోకి దించి, నీటిలో పైకీ కిందికీ ఆడించాలి. ఈలోగా నాన్న అటక మీంచి తివాచీ దించి గడప దాకా పరిచారు. మా తమ్ముడు పరుగెత్తుకుంటూ వచ్చి బకెట్టుకి తట్టుకున్నాడు.

ఎరుపు కళ్లముందే మారిపోయింది. ముందు నారింజ, తర్వాత పసుపు. అమ్మమ్మ వంటింట్లోకి పరుగెత్తి నిమ్మకాయలు కోయబోయింది. మరకకి పులుపు రాయడం ఆవిడకి తెలిసిన మందు. సరిగ్గా అప్పుడే పళ్లబుట్టతో మామయ్య వచ్చాడు. ఏలూరు పవర్‌పేటలో ఆయనకి ఫోటో స్టూడియో ఉండేది.

"అమ్మా, నిమ్మకాయ ముట్టుకోకు. పులుపు తగిలితే విషపు గాలి లేస్తుంది. అక్కా, పాత తువ్వాళ్లు తే. రుద్దకు, అద్దు" అని అరిచి, సైకిలెక్కి స్టూడియోకి వెళ్లి పావుగంటలో తిరిగొచ్చాడు. చేతిలో కాగితం పొట్లం. అందులో కలకండ పలుకుల్లాంటి తెల్లటి గడ్డలు.

"ఏంటి మామయ్యా అది?"

"హైపో. ఫోటోలు కడిగే ఉప్పు."

రెండు చెంచాలు స్టీలు బేసినులో వేసి, లీటరు దాకా నీళ్లు పోసి కలిపాడు. "వేలు పెట్టి చూడు" అన్నాడు. కుండనీళ్లలా చల్లగా ఉంది. కుళాయి నీళ్లు, వానాకాలం చెమట, అందులో ఆ చల్లదనం ఎక్కడినుంచి వచ్చిందో నాకు అర్థం కాలేదు. ఆ ఉప్పు కరిగేటప్పుడు నీటిలోని వేడిని లాక్కుంటుందని నాలుగేళ్ల తర్వాత కాలేజీలో చదువుకున్నాను. తర్వాత ముప్పై ఏళ్లు నేనే పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పాను. ఏటా ఆ పాఠం వచ్చినప్పుడల్లా ఒక్కొక్కళ్లనీ పిలిచి బీకరు పట్టుకోమనేదాన్ని.

మామయ్య తువ్వాలు ముంచి, మరక అంచు నుంచి లోపలికి అద్దుతూ పోయాడు. ముక్కుపుటాలు మండించే వాసన కొద్దిసేపట్లో తగ్గింది. పది నిమిషాలు ఆగి, పొడిగుడ్డతో తేమ పీల్చి, మామూలు నీళ్లతో రెండుసార్లు అద్దాడు. పోయిన రంగు తిరిగి రాలేదు. పోతున్నది మాత్రం ఆగింది.

ఆ ఆగడానికి వెనక పెద్ద చరిత్ర ఉంది. గుడ్డను తెల్లగా చెయ్యడం నేర్చిన మనిషి దాన్ని ఎక్కడ ఆపాలో నేర్చుకోడానికి ఇంకా చాలాకాలం పట్టింది. తెలుపు చరిత్ర రాసేవాళ్లు మొదటిదాన్నే ఎక్కువ చెబుతారు. నాకు రెండోదే ముఖ్యం.

తెలుగులో గుడ్డ ఉతికి తెల్లబరచడానికి చలువ చెయ్యడం అనే మాట ఉంది. మగ్గం దిగినది కోరా, రేవుకు వెళ్లొచ్చినది చలువ. చాకలివాళ్లు చవుడు మన్ను కలిపిన నీళ్లలో బట్టలు నానేసి, బాన మీద ఆవిరి పట్టించి, తెల్లవారుజామున రేవులో బండకి బాది, ఇసుక తిన్నెల మీద ఎండేసేవారు. చవుట్లో క్షారం ఉంటుంది. అది జిడ్డునీ మురికినీ విడదీస్తుంది. ఇంత వేడి, ఇంత ఎండ తిన్న గుడ్డకి చలువ అని పేరెందుకు వచ్చిందో చిన్నప్పుడు ఎవర్నీ అడగలేదు. బహుశా చివరి మజిలీ పేరే మొత్తం పనికి నిలిచిందని ఇప్పుడు అనుకుంటాను. చివరికి ఎప్పుడూ పారే చన్నీళ్లే. క్షారం గుడ్డలో మిగిలితే నూలు గిడసబారి పోగు తెగుతుంది. అది పోయేదాకా జాడించడమే రేవులో అసలు పనితనం.

బందరు పక్క పెడనలో కలంకారీ పనివాళ్లది ఇంకా నిదానమైన పద్ధతి. కోరాగుడ్డని పేడనీళ్లలో ముంచి, పిండి, ఎండలో పరిచి, ఆరబోతుంటే మళ్లీ తడుపుతారు. పేడ, తేమ, ఎండ కలిసి రోజుల తరబడి నూలులోని పసుపుని కొద్దికొద్దిగా తినేస్తాయి. తర్వాత కరక్కాయ, గేదెపాలు కలిపి పట్టిస్తారు. పాలలోని కొవ్వు రంగుని పక్కకి పాకనివ్వదు. పటికతో అచ్చువేసి చిరివేరుతో ఉడికిస్తే పటిక తగిలినచోట ఎరుపు నిలుస్తుంది. మిగతాచోట అంటిన రంగుని మళ్లీ పేడనీళ్లూ ఎండా తీసేస్తాయి. 1742లో కూర్దూ అనే ఫ్రెంచి జెసూయిట్ పాదిరీ కోరమాండల్ తీరంలో రంగులద్దేవాళ్ల దగ్గర కూర్చుని ఈ పనినంతా వరసగా తన దేశానికి ఉత్తరం రాశాడు. మేకపెంటికలతో గుడ్డ తెల్లబరచడం, కరక్కాయ, గేదెపాలు, అన్నీ అందులో ఉన్నాయి. ఆయన తెలుగు నేర్చినవాడు. ఈ దేశపు గుడ్డకి పోటీగా రంగులద్దాలని యూరప్ తహతహలాడుతున్న రోజులవి.

పెడన పద్ధతిలో నాకు నచ్చేది ఒకటుంది. అక్కడ తెలుపుకి వేరే విరుగుడు అక్కర్లేదు. చాలనుకుంటే గుడ్డ ఎత్తి నీడన వేస్తే సరి. పని చేసే ఎండా తేమా రెండూ అక్కడితో ఆగిపోతాయి. నిదానంగా నడిచేదాన్ని ఆపడం తేలిక.

యూరప్‌లో కూడా మొదట నిదానమే. నార గుడ్డల్ని బూడిదనీళ్లలో ఉడికించి, పచ్చిక మైదానాల్లో పరిచి, పులిసిన మజ్జిగలో ఊరబెట్టి, మళ్లీ పరిచేవారు. ఇందులో హాలండ్‌లోని హార్లెం ఊరు పేరుపడింది. ఒక తాను తెల్లబడడానికి నెలలు పట్టేది. 1756లో ఎడిన్‌బరో వైద్యుడు ఫ్రాన్సిస్ హోమ్ మజ్జిగకి బదులు బాగా పలచబరిచిన గంధకామ్లం వాడొచ్చని రాశాడు. వారాల పులుపు గంటల్లోకి దిగింది. 1774లో స్వీడన్‌లో షీలే అనే మందుల దుకాణం మనిషి మాంగనీసు ఖనిజాన్ని ఉప్పు ఆమ్లంతో వేడిచేసి పసుపచ్చని ఘాటు వాయువుని పట్టాడు. అది పువ్వుల రంగుని తినేయడం గమనించాడు. దానికి క్లోరిన్ అన్న పేరు 1810లో హంఫ్రీ డేవీ పెట్టాడు.

ఈ వాయువుని గుడ్డ మీదికి తెచ్చినవాడు ఫ్రాన్స్‌కి చెందిన బెర్తొలే. 1785 నుంచి ప్రయోగాలు చేసి, కనుక్కున్నది దాచకుండా అందరికీ చెప్పేశాడు. ఆవిరి యంత్రం జేమ్స్ వాట్ పారిస్‌లో ఆయన దగ్గర చూసి, గ్లాస్గోలో గుడ్డలు తెల్లబరిచే తన మామగారికి చెప్పాడు. పారిస్ శివార్లలోని జావెల్‌లో ఈ వాయువుని క్షారపు నీటిలో కరిగించి అమ్మడం మొదలైంది. ఇప్పటికీ ఫ్రెంచివాళ్లు బ్లీచ్‌ని జావెల్ నీళ్లనే అంటారు. 1799లో గ్లాస్గోకి చెందిన చార్లెస్ టెనంట్ తడి సున్నానికి బదులు పొడి సున్నానికి క్లోరిన్ పట్టించి పేటెంట్ తీసుకున్నాడు. అదే మా అమ్మ బకెట్టులో కలిపిన బ్లీచింగ్ పౌడరు. ఓడల్లో ఎక్కించగలిగింది, డబ్బాల్లో నిలవ ఉండేది. నెలల తరబడి పచ్చిక మీద జరిగిన పని ఒక పూటలో తొట్టిలో అయిపోసాగింది.

కష్టం కూడా అక్కడే మొదలైంది. ఎండలా దీన్ని నీడలో పెట్టి ఆపలేం. ఎంత జాడించినా పోగు లోపల కొంచెం క్లోరిన్ నక్కి ఉంటుంది. గుడ్డ తెల్లగా మడతపెట్టి గోదాములో చేరుతుంది. నెలల తర్వాత విప్పితే మడత దగ్గర పిగులుతుంది. కాగితం మిల్లుల్లోనూ ఇదే గొడవ. చిరుగుగుడ్డల గుజ్జుని బ్లీచింగ్ పౌడరుతో తెల్లబరిస్తే, మిగిలిపోయిన క్లోరిన్ కాగితాన్ని పెళుసు చేసేది, సిరాని తినేసేది. అందుకని పందొమ్మిదో శతాబ్దం నడిమికల్లా మిల్లుల్లో చివరి తొట్టిలో గంధకపు లవణాలు కలపడం అలవాటయింది. వాటికి వాళ్లు పెట్టిన పేరు యాంటీక్లోర్. ఆ లవణాల్లో ముఖ్యమైనది సోడియం థయోసల్ఫేట్, అంటే మామయ్య పొట్లంలోని హైపో.

అది చేసే పని పిల్లలకి నేను ఇలా చెప్పేదాన్ని. బ్లీచ్ ఆకలితో ఉన్న జంతువు. ఎదురుపడిన దాన్ని కొరుకుతుంది. రంగు అణువు కనిపిస్తే రంగుని, ఉన్ని కనిపిస్తే ఉన్నిని. హైపోలో గంధకం ఉంది. రంగుకంటే, ఉన్నికంటే అది బ్లీచ్‌కి తేలికగా దొరుకుతుంది. దాన్ని కొరికి కడుపు నింపుకుని అది మామూలు ఉప్పుగా మారిపోతుంది. హైపో సల్ఫేటు అవుతుంది. రెండూ నీళ్లలో కొట్టుకుపోతాయి. తర్వాత మామూలు నీళ్లతో రెండుసార్లు అద్దడం ఆ మిగిలిన లవణాలు పోవడానికే.

ఉన్నికి ఈ జాగ్రత్త నూలుకంటే ఎక్కువ కావాలి. ఉన్ని మన జుట్టులాంటిది. దాని అణువుల మధ్య గంధకపు వంతెనలు ఉంటాయి. బ్లీచ్ ముందు వాటినే తెంపుతుంది. చిక్కటి బ్లీచ్‌లో ఒక ఉన్ని పోగు వేసి ఉంచితే ముందు పసుపుబారి, తర్వాత జిగురై, చివరికి కరిగిపోతుంది. ప్రయోగశాలలో ఇది చూసిన రోజున మా తమ్ముడి బకెట్టు గుర్తొచ్చి నాకు ఒళ్లు జలదరించింది.

హైపో స్టూడియోల్లోకి వేరే దారిన వచ్చింది. 1819లో జాన్ హెర్షెల్ ఈ లవణం వెండి క్లోరైడుని కరిగిస్తుందని కనుక్కున్నాడు. అప్పటికి దాంతో పనేమీ లేదు. ఇరవై ఏళ్ల తర్వాత, 1839లో ఫోటో పుట్టింది. వెలుగు పడితే వెండి లవణం నల్లబడుతుందని అందరికీ తెలుసు. నల్లబడడం ఎలా ఆపాలన్నదే చిక్కు. బొమ్మ వచ్చేది, వెలుగులో పెడితే మొత్తం నల్లబడి పోయేది. హెర్షెల్ తన పాత లవణాన్ని గుర్తుచేసుకుని, ఆ చిక్కుతోనే తంటాలు పడుతున్న టాల్‌బాట్‌కి చెప్పాడు. వెలుగు తగలని వెండిని హైపో కరిగించి తీసేస్తుంది. బొమ్మ నిలబడుతుంది. అప్పటినుంచి నూటయాభై ఏళ్లకు పైగా లోకంలోని ప్రతి చీకటిగదిలో ఈ తొట్టి ఉంది. మామయ్య స్టూడియోలో మూడు తొట్లలో రెండోదో మూడోదో అదే. పుల్లటి వాసన వేసేది.

హైపో యుద్ధంలోకీ వెళ్లింది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం సిలిండర్ల నుంచి క్లోరిన్ వదిలింది. నాలుగు రోజుల తర్వాత అక్కడే దాడికి దిగిన లాహోర్ డివిజన్ సిపాయిల మీదికీ ఆ గాలి వచ్చింది. కొద్ది వారాల్లోనే బ్రిటిష్ సైన్యం హైపో, సోడా, గ్లిసరిన్ కలిపిన ద్రావణంలో ముంచిన దూది మెత్తల్ని ముక్కుకి కట్టుకోమని పంచింది. తర్వాత న్యూఫౌండ్‌లాండ్ డాక్టరు క్లూనీ మాక్‌ఫర్సన్ అదే ద్రావణంలో ముంచిన గుడ్డసంచిని తలకి తొడిగే ముసుగుగా కుట్టించాడు. దాన్ని హైపో హెల్మెట్ అన్నారు. గుడ్డలు కాపాడడానికి, బొమ్మలు నిలపడానికి వాడిన లవణం ఆ ఏడు ఊపిరితిత్తుల్ని కాపాడింది. నిమ్మకాయ ముట్టుకోవద్దని మామయ్య అరిచినప్పుడు ఆయన చెప్పిన విషపు గాలి ఈ క్లోరినే. ఇంట్లో బ్లీచ్‌కి చెంచాడు వెనిగరు తగిలితే పుట్టేది కొద్దిగానే కావచ్చు. తలుపులు మూసిన స్నానాలగదిలో ఆ కొద్ది చాలు.

తివాచీల దగ్గరికి వస్తాను. ఏలూరు తంగెళ్లమూడిలో మగ్గాల మీద ఉన్ని ముడులు వేసేవాళ్ల పూర్వీకులు పారశీక దేశం నుంచి వచ్చారని చెబుతారు. నూలు పడుగు మీద ఒక్కొక్క ఉన్ని ముడి వేసి, పేక కొట్టి, కత్తెరతో సమంగా కత్తిరించే పని. వరంగల్ తివాచీలు 1851లో లండన్ మహాప్రదర్శన దాకా వెళ్లాయి. 1880లో జార్జ్ బర్డ్‌వుడ్ భారతీయ కళలమీద రాసిన పుస్తకంలో బందరు తివాచీల గొప్పతనం చెబుతూనే, జైళ్లలో చవగ్గా నేయిస్తున్న తివాచీలూ విదేశీ గిరాకీకి తగ్గట్టు మార్చిన నమూనాలూ ఈ పనిని చెడగొడుతున్నాయని మండిపడ్డాడు. 1856లో పెర్కిన్ తారు నుంచి ఊదారంగు తీశాక సీసాలో వచ్చే రంగులు ఉన్నికీ చేరాయి. కొత్త రంగులు కళ్లకి కొట్టొచ్చినట్టుండేవి.

విదేశీ కొనుగోలుదారులకి అవి నచ్చలేదు. వాళ్లకి తాతలనాటి తివాచీలా మెత్తబడిన రంగు, పట్టులాంటి నిగారింపు కావాలి. అందుకు ఉపాయం బ్లీచే అయింది. ఇరవయ్యో శతాబ్దం మొదటి దశాబ్దాల్లో న్యూయార్క్ కడుగుడు శాలల్లో కొత్త పారశీక తివాచీల్ని క్లోరిన్ నీళ్లతో కడిగేవారు. ఎరుపు తగ్గేది, ఉన్ని పైపొర తొలిగి మెరిసేది. సరూక్ అనే రకాన్నయితే అలా కడిగి రంగు పోగొట్టాక, కుంచెలు పట్టుకుని మనుషులు నేలకి దిగి ముదురు ద్రాక్షరంగు మళ్లీ వేసేవారు. వాటిని ఇప్పటికీ రంగేసిన సరూక్ అంటారు. వెనక్కి తిప్పి చూస్తే అసలు గులాబీ ఎరుపు కనిపిస్తుంది. మా ఇంట్లో పొరపాటున జరిగింది అక్కడ కావాలని చేశారు. తేడా అంతా ఎప్పుడు ఆపాలో తెలిసిన చేతిలోనే ఉంది. నీళ్ల పాళ్లు, నిమిషాలు, చివరి విరుగుడు, ఆ తర్వాతి జాడింపు తెలిసినవాడు తివాచీకి నిగారింపు తెచ్చాడు. తొందరపడ్డవాడు ఇరవై ఏళ్లలో అరిగే వస్తువుని అమ్మాడు.

మామయ్య స్టూడియో ఎప్పుడో మూతపడింది. చీకటిగదులు పోయాయి. హైపో మాత్రం మన జిల్లాలు విడిచి పోలేదు. కైకలూరు, భీమవరం వైపు రొయ్యల మందుల దుకాణంలో అడిగి చూడండి, సోడియం థయోసల్ఫేట్ సంచులు కనిపిస్తాయి. సముద్రతీరపు హేచరీల్లో నీటిని క్లోరిన్‌తో శుభ్రం చేసి, రొయ్యపిల్లల్ని వదిలే ముందు దీనితో ఆ క్లోరిన్‌ని విరుస్తారు. ఇంట్లో రంగుచేపలు పెంచేవాళ్లు కుళాయి నీళ్లలో వేసే చుక్కలూ చాలావరకు ఇవే. నా దగ్గర ఒక గాజుసీసాలో పావుకిలో ఎప్పుడూ ఉంటుంది. బ్లీచ్ సీసా ఉన్న ప్రతి ఇంట్లో ఇది ఉండాలని నేను చెప్పని పెళ్లికూతురు లేదు. ఒలికితే ముందు కిటికీలు తియ్యండి. పొడిగుడ్డతో అద్ది పైకి పీల్చండి. చన్నీళ్లతో పలచన చేసి మళ్లీ పీల్చండి. లీటరుకి రెండు చెంచాల హైపో కలిపి అంచు నుంచి లోపలికి అద్దండి. పది నిమిషాలాగి మంచినీళ్లతో రెండుసార్లు అద్ది, కింద గాలాడేలా ఎత్తిపెట్టి ఆరబెట్టండి. వెనిగరు, నిమ్మరసం, అమ్మోనియా దగ్గరికి రానివ్వకండి. పోయిన రంగు గురించి తర్వాత ఏడవచ్చు.

ఇక రెండో మచ్చ. అమ్మ పోయాక తివాచీ నా వాటాకి వచ్చింది. తెచ్చి విప్పి పరిచి, మూల సర్దుతుంటే వేలికి గరుకుగా తగిలింది. రూపాయి బిళ్లంత మేర ఉన్ని లేదు. ముడులు మొదలంటా ఊడిపోయి తెల్లటి నూలు పడుగు బయటపడింది. చుట్టూ ఉన్న కుచ్చుని గోటితో తాకితే పొడిలా రాలింది. ఆ రోజు బకెట్టు దొర్లినప్పుడు రెండు చుక్కలు ఎగిరి ఈ మూలన పడ్డట్టున్నాయి. మూల మడతపడి కుర్చీ కాలి కింద ఉంది కాబట్టి ఎవరూ చూడలేదు. అక్కడ ఎవరూ ఏమీ అద్దలేదు.

నడిమధ్యన లోటాడు బ్లీచ్ పడినచోట ఉన్ని ఇవాళ్టికీ దట్టంగా ఉంది. మనవలు అక్కడే కూర్చుని ఆడుకుంటారు. కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరితే మచ్చ ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో నాకూ తెలియదు.